మా కూరగాయల పెట్టెలు

కూరగాయలు పండించడం ఒక ఎత్తు, పండినవాటిని నలగకుండా, కుళ్లకుండా తినేవారి ఇంటికి చేర్చడం ఒక ఎత్తు. మొదటిదానిని గురించి చెప్పేవారు ఊరికి నూరుమంది ఉన్నారు. విత్తనాలను గురించి, ఎరువులను గురించి, తెగుళ్లను గురించి పుస్తకాలున్నవి, ప్రసంగాలున్నవి. రెండవదానిని గురించి మాట్లాడేవారు అరుదు. కోసిన కాయ గోతంలో పడగానే పని ముగిసినదని లోకం అనుకుంటుంది. అసలు కష్టం అక్కడే మొదలవుతుందని మోసినవారికి తెలుసు.

మన కుటుంబాలలో చాలామందికి ఇప్పటికీ సొంత ఊళ్లలో ఒక పెరడో, బావికింద నాలుగు మళ్లో ఉన్నవి. పండుగకు పోయినప్పుడు సంచులనిండా కూరగాయలు తెచ్చుకోవడం, తీరా ఇల్లు చేరి విప్పి చూస్తే సగం చితికిపోయి ఉండడం అందరికీ అనుభవమే. అందుచేత మేము ఇంటిలోనే చేసుకున్న చెక్కపెట్టెల సంగతి నాలుగు మాటలు వ్రాస్తే కొందరికైనా ఉపయోగపడవచ్చునని తోచింది. పెట్టెల సంగతి చెప్పబోతే ఇంటి సంగతి కూడ కొంత వస్తుంది. దానిని పాఠకులు సహించాలి.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి మూడూ ఇప్పుడు ఒకే జిల్లాలోనివి. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడేవరకు కోలారు జిల్లాలో ఉండేవి. బడిలో కన్నడం, ఇంటిలో తెలుగు అనేది ఇక్కడివారికి వింత కాదు. కైవారం తాతయ్య తెలుగులో తత్వాలు చెప్పినది ఈ చింతామణి తాలూకాలోనే. ఆయన యోగి కాకముందు గాజుల వ్యాపారం చేసేవారని పెద్దలు చెబుతారు. పగిలిపోయే సరుకును ఊరూరా మోసుకొని తిరిగినవారికి సర్దడంలో ఎంత నేర్పు ఉండాలో, పండు టమోటాలు మోసేవారికీ అంతే ఉండాలి.

మా తోట చింతామణికి దగ్గర ఒక పల్లెలో ఉన్నది. మొత్తం ఆరు గుంటలు. దానిలో మా నాయన త్రవ్వించిన బావి ఒకటి. ఈ సీమలో బావులన్నీ ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయిన సంగతి మీకు తెలుసు. అయినా చెరువుకు దిగువన ఉండడం చేత మా బావిలో వానలు బాగా పడిన ఏడు మాఘమాసం దాకా నీరు నిలుస్తుంది. వంగ, టమోటా, బీర, మిరప, గోంగూర, కార్తీకం దాటితే అనపకాయలు. అమ్మి సొమ్ము చేసుకునేంత పంట కాదు. మూడు ఇళ్లకు సరిపడే పంట. అమ్మతో కలిసి మేము చింతామణిలో ఉంటాము. అన్న బాగేపల్లిలో, అక్క చిక్కబళ్లాపురంలో ఉంటారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోవాలన్నా బస్సులో గంట, గంటన్నర ప్రయాణం.

నాయన ఉన్నన్నాళ్లూ గోనెసంచులలో పంపేవాడు. ఆయన కాలంలో అదే పద్ధతి. ఆయన పోయిన తరువాత సంచుల మీద ఫిర్యాదులు మొదలైనవి. అడుగున ఉన్న టమోటాలు పైబరువుకు చితికి, వాటి నీరు తగిలి వంకాయలు మెత్తబడేవి. బస్సులో సంచి మీద సంచి పడేది. "మాకు వచ్చినవన్నీ చితుకులే, మంచివి అక్కడే నిలిచిపోయినట్లున్నవి" అని ఒక ఇంటి నుంచి మాట వచ్చింది. ఇంకొక ఇంటి నుంచి, "వాళ్లకు రెండు సంచులంట, మాకు ఒకటంట" అని మాట వచ్చింది. సంచికి ఒక ఆకారం లేదు. ఎంత కుక్కితే అంత. ఎవరికెంత పోయిందో కంటికి తెలియదు. కూరగాయలు కుళ్లడం చిన్న నష్టం. తోబుట్టువుల నడుమ మాట కుళ్లడం పెద్ద నష్టం. అప్పుడే ఒకే కొలత పెట్టెలు కావాలనే ఆలోచన పుట్టింది.

పెట్టె మన ప్రాంతానికి కొత్త కాదు. కోలారు, చింతామణి మార్కెట్లలో టమోటాలకు ధర పలికేది పెట్టె లెక్కనే, 15 కిలోల పెట్టె. ఇప్పుడవి ప్లాస్టిక్కువి. వెనుక అన్నీ చెక్కపెట్టెలే. పలుచని పలకలు, మూలకొక కట్టె, అడుగున గడ్డి. ఆ పెట్టెలు కొట్టి బ్రతికిన కుటుంబాలు ఉండేవి. ప్లాస్టిక్కు పెట్టె తేలిక, కడగవచ్చు, ఒకదానిమీద ఒకటి ఎత్తుగా పేర్చవచ్చు, ఏళ్ల తరబడి వస్తుంది. వ్యాపారానికి అదే మేలు, కాదనలేము. 2023 జూలైలో కోలారులో పెట్టె ధర రెండువేల రూపాయలు దాటినప్పుడు దేశమంతా ఆ పెట్టె వంక చూచింది. కోత కూలి కూడా గిట్టక అదే పెట్టెను రోడ్డు ప్రక్కన బోర్లించిన రోజులను ఎవరూ చూడలేదు.

మాకు చెక్క మీద మనసు పోవడానికి కారణం వేరు. చింతామణిలో ఒక ముసలి ఆచారి ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు మార్కెట్టుకు టమోటా పెట్టెలు కొట్టినవారు. ప్లాస్టిక్కు వచ్చిన తరువాత తలుపులు, కిటికీలు చేసి, ఇప్పుడు చేయి వణికి అదీ మానుకున్నారు. మేము పోయి అడిగితే, "పెట్టెలు చేసిచ్చే శక్తి నాకు లేదు సామీ. చూపిస్తాను, మీరే కొట్టుకోండి" అన్నారు. నాలుగు ఆదివారాలు మా వసారాలో కుర్చీ వేసుకొని కూర్చొని నేర్పించారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆయన ఇంటికి కూడా నెలకొక పెట్టె పోవాలని అమ్మ అప్పుడే తీర్మానించింది.

ముందు కట్టె సంగతి. మా సీమలో చౌకగా దొరికేది నీలగిరి కట్టె. భారతదేశంలో నీలగిరి చెట్లు మొదట నాటినది మన నందికొండ మీదనే. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాను అక్కడి తోటలో నాటించినట్లు అటవీ గ్రంథాలలో ఉన్నది. తరువాత అవి కొండ దిగి చేలల్లోకి వచ్చి, కోలారు జిల్లా అంతటా అల్లుకున్నవి. భూమిలో నీటిని పీలుస్తున్నవని రైతులు మొత్తుకోగా, 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఈ కట్టె గట్టిదే గాని, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, మేకు కొడితే చీలుతుంది, బరువు ఎక్కువ. మామిడి కట్టె సులువుగా తెగుతుంది గాని పురుగు పడుతుంది. వేప మంచిదే గాని సన్నని పలకలు దొరకడం కష్టం.

అందుచేత మేము కర్మాగారాలకు యంత్రాలు వచ్చే పెట్టెల చెక్కను, సరుకు క్రింద వేసే చట్రాల చెక్కను తెచ్చుకున్నాము. అది ఎక్కువగా దేవదారు జాతి చెక్క. తేలిక, మేకును మెత్తగా పుచ్చుకుంటుంది. దీనిలో ఒక జాగ్రత్త ఉన్నది. పరదేశాల నుంచి వచ్చే చెక్క మీద ఒక ముద్ర ఉంటుంది. దానిలో హెచ్.టి. అనే అక్షరాలు ఉంటే ఆ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి పురుగును చంపినారని అర్థం. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడు అనే విషవాయువు పట్టించినారని అర్థం. ఆ రెండవదానిని తినే వస్తువుల దగ్గరకు రానీయరాదు. ముద్ర లేని చెక్క, నూనె మరకలున్న చెక్క, రంగు వేసిన చెక్క కూడా వద్దు.

ఇక కొలతలు. లోపలి పొడవు 18 అంగుళాలు, వెడల్పు 12, లోతు 6. అంచు దాకా నింపితే సుమారు 12 కిలోల టమోటాలు పడతవి. మేము పైన అంగుళం విడిచి 10 కిలోలతో ఆపుతాము. ఇంకా లోతు పెంచితే ఎక్కువ పడుతుంది కదా అని కొందరు అడుగుతారు. లోతు పెరిగినకొద్దీ అడుగు వరుస మీద బరువు పెరుగుతుంది. గోతంలో జరిగినదే పెట్టెలోనూ జరుగుతుంది. మనిషి ఒక్కడే ఎత్తి బస్సు ఎక్కించగలిగిన బరువు కూడా అదే.

అన్నీ నాలుగేసి ముక్కలు గనుక జ్ఞాపకం పెట్టుకోవడం సులువు. మూలకట్టెలు 4, ఒక్కొక్కటి అంగుళం పావు చదరం, ఆరున్నర అంగుళాల పొడవు. తలవైపు ముక్కలు 4, ముప్పాతిక అంగుళం మందం, 12 అంగుళాల పొడవు. ప్రక్క పలకలు 4, అర అంగుళం మందం, పందొమ్మిదిన్నర అంగుళాల పొడవు. అడుగు పలకలు 4, అవీ అంతే. పలకలన్నిటి వెడల్పు రెండుముప్పాతిక అంగుళాలు. మేకులు ఒకటిన్నర అంగుళానివి 48. తలవైపులకు 16, ప్రక్కలకు 16, అడుగుకు 16.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. ఒక రంపం, సుత్తి, మూలమట్టం, చిన్న బర్మా, గరుకు కాగితం. ముందుగా రెండు మూలకట్టెలను నేల మీద పరచి, వాటి మీద తలవైపు ముక్కలు రెండు, నడుమ అర అంగుళం సందు విడిచి, కొట్టాలి. మూలకట్టె పైకొన అంచుకంటె అర అంగుళం పైకి ఉండాలి. ఇటువంటివి రెండు తయారైన తరువాత వాటిని నిలబెట్టి ప్రక్క పలకలు కొట్టాలి. ఒక మూలనుంచి ఎదుటి మూలకు త్రాడు పట్టి చూచి, రెండు కొలతలూ సమానమైతేనే బోర్లించి అడుగు పలకలు బిగించాలి. కొలత తేడా ఉంటే పెట్టె వంకర పోయినట్లు. అప్పుడే నొక్కి సరిచేయాలి.

మేకు కొట్టడంలో ఆచారి చెప్పిన రహస్యం ఒకటి ఉన్నది. మేకు మొనను ముందు సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి మొద్దు చేయాలి. వాడిమొన చెక్క నారను చీల్చుకొని పోతుంది, మొద్దుమొన నారను తెంపుకొని పోతుంది. అందుచేత పలక చీలదు. రెండు మేకులు ఒకే నార గీత మీద పడకుండా ఎగుడుదిగుడుగా కొట్టాలి. పలక చివరకు మరీ దగ్గరగా కొట్టరాదు. నీలగిరి కట్టె అయితే బర్మాతో ముందు బెజ్జం వేయక తప్పదు. తలవైపు పై ముక్కకు రెండు బెజ్జాలు వేసి కొబ్బరి త్రాడు కడితే పట్టుకోవడానికి పిడి అవుతుంది.

మూలకట్టె పైకి ఎందుకు ఉండాలని అందరూ అడుగుతారు. పెట్టె మీద పెట్టె పెట్టినప్పుడు పైదాని బరువు ఆ నాలుగు కట్టెల మీద పడుతుంది, కాయల మీద పడదు. నడుమ అర అంగుళం గాలి ఆడుతుంది. పలకల సందులు కూడా గాలికే. కోసిన తరువాత కూడా కాయ ఊపిరి పీల్చి వేడి పుట్టిస్తూ ఉంటుంది. ఆ వేడి, చెమ్మ బయటికి పోకపోతే ఒక రాత్రిలో బూజు పడుతుంది.

లోపల రంగు వేయరాదు. కావలసి వస్తే బయట మాత్రం అవిశె నూనె పలుచగా పూసి, వారం రోజులు నీడలో ఆరబెట్టాలి. సెనక్కాయ నూనె పనికిరాదు, అది ఆరక జిగటగా నిలిచి కంపు కొడుతుంది. అవిశె నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూలన పడవేయకూడదు సుమా. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. నీటిలో తడిపి, పరచి ఆరవేయాలి.

సర్దే విధానం అమ్మది. అడుగున రాగి గడ్డి పలుచగా పరచాలి. వెనుక వార్తాపత్రికలు వేసేవారు, కాని సిరా ఆహారానికి మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించినది గనుక అది మానుకోవాలి. టమోటాలు దోరగా ఉన్నప్పుడే కోసి, తొడిమ భాగం క్రిందికి ఉండేటట్లు వరుసగా పేర్చాలి. ఆకుకూరలను టమోటాలతో కలిపి పెట్టరాదు. పండే టమోటా ఎథిలీను అనే వాయువును విడుస్తుంది. అది తగిలితే ఆకులు పచ్చబారి రాలుతవి. ఉర్లగడ్డల పెట్టె మీద గోనె కప్పాలి, వెలుతురు తగిలితే అవి ఆకుపచ్చనై తినడానికి పనికిరావు. ఎర్రగడ్డలకు గోనె వద్దు, గాలి కావాలి. తడి కాయను ఏ పెట్టెలోనూ పెట్టరాదు.

అనపకాయల కాలంలో మా పెట్టెలకు తీరిక ఉండదు. కోస్తాజిల్లా నుంచి వచ్చిన మా వియ్యపురాలు ఒకమారు ఫోనులో "ఒక ఆనపకాయ పంపండి వదినగారూ, చాలు" అన్నారు. ఒక్క అనపకాయతో ఏమి చేసుకుంటారని అమ్మ నవ్వి పెట్టెనిండా పంపించింది. వారడిగినది మనం సొరకాయ అనేది. మనకు అనప అంటే చిక్కుడు వంటి గింజకాయ, నానబెట్టి పితికితే పితికిపప్పు. ఆ పెట్టె విప్పి వారు ఆశ్చర్యపడినా, సంగటిలోకి పితికిపప్పు కూర రుచి చూచిన తరువాత ఇప్పుడు ఏటేటా అదే అడుగుతున్నారు.

మొత్తం పన్నెండు పెట్టెలు చేశాము. ఇంటికి మూడేసి, బస్సు దారిలో మూడు. పెట్టె ఒకటే కొలత గనుక ఎవరికెంత అనే ప్రశ్న పోయింది. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపరాదని మన పెద్దలు పెట్టిన నియమం మీకు తెలుసు. ఆ నియమమే పెట్టెలకూ వచ్చింది. చిక్కబళ్లాపురం నుంచి అక్క ద్రాక్షపండ్లో, చేమంతిపూలో పంపేది. బాగేపల్లి నుంచి వదిన సెనక్కాయలో, చింతపండో పంపేది. రెండేళ్లు ఇట్లా జరిగింది.

తరువాత తోటకు బేరం వచ్చింది. బెంగళూరు పెరిగి పెరిగి మన పొలాల దాకా వచ్చినది కదా. ఆరు గుంటలలో ఇళ్ల స్థలాలు వేస్తామని ఒకరు వచ్చి, మేము ఊహించని మొత్తం చెప్పి పోయారు. అన్నకు ఇద్దరు కూతుళ్ల చదువుల అప్పు ఉన్నది. అమ్మి మూడు భాగాలు చేద్దామన్నాడు. అది అన్యాయమైన మాట కాదు. అక్క ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, "పంచుకుంటే ఒకనాటితో అయిపోతాది రా. పంపుకుంటే ఏడాదంతా ఉంటాది" అన్నది. అన్న లేచి పోయినాడు. ఆ వారం బాగేపల్లి నుంచి పెట్టె ఖాళీగా వచ్చింది. మొదటిసారి.

అమ్మ ఏమీ అనక ఆ పెట్టెను కడిగి ఎండబెట్టించి, మరుసటి వారం ముందుగా దానినే నింపించింది. అదీ ఖాళీగా వచ్చింది. ఇట్లా ఐదు వారాలు. మాకు కోపం రాలేదని చెప్పలేము. "పంపేది మన పని, తిప్పి పంపేది వాడి పని, నీవు వాడి పని కూడా చేయబోవద్దు" అని అమ్మ వారించింది. ఆరవ వారం పెట్టె దించితే అడుగు బరువుగా ఉన్నది. పచ్చి సెనక్కాయలు. వాటిని గంపలో పోసి చూస్తే, అడుగున చీలి ఉన్న పలక ఒకటి తీసి కొత్త పలక వేసి ఉన్నది. మేకులు ఎగుడుదిగుడుగా, మొన మొద్దుచేసి కొట్టినట్లు చీలిక లేకుండా ఉన్నవి. అన్నకు ఆ పని ఎవరూ నేర్పలేదు. మా పెట్టెను చూచే నేర్చుకున్నాడు కాబోలు.

తోట సంగతి ఇంకా తేలలేదు. అన్న అప్పులో కొంత మేము, కొంత అక్క సర్దుదామని మాట్లాడుకున్నాము. బేరగాడు రెండుమార్లు ఫోను చేశాడు. అమ్మ ఉన్నంతకాలం అమ్మకం మాట వద్దని అన్న తానే అతనితో చెప్పినట్లు వదిన చెప్పింది. ఆ తరువాత ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? బావిలో నీరుండాలి, మనుషులలో ఓపిక ఉండాలి.

చెక్కపెట్టె నిత్యమూ ఉండే వస్తువు కాదు. తడి తగలకుండా ఉంచితే నాలుగైదేళ్లు వస్తుంది. వానాకాలానికి ముందు ఒక్కొక్కదానిని తిప్పి చూచి, వదులైన మేకును పీకి ప్రక్కన కొత్తది కొట్టాలి. పాత బెజ్జంలోనే మళ్లీ కొడితే పట్టు ఉండదు. చీలిన పలకను వెంటనే మార్చాలి. పలక ఒక్కటి మార్చడానికి పావుగంట చాలు, పెట్టె అంతా చేయడానికి ఒక పూట కావాలి. మా పన్నెండింటిలో ఇప్పుడు రెండు పలకల కొరకు ఎదురుచూస్తున్నవి. ఈ ఆదివారం ఆ పని ఉన్నది. కావలసినవారు పై కొలతలు వ్రాసుకొని ఒక పెట్టె చేసి చూడండి.